శిఖం పట్టా ఎవరికి, ఎంతవరకు?



చెరువు మీదికి బుల్డోజర్ వచ్చిన ప్రతిసారీ ఒక మాట వింటున్నాం: "మాకు పట్టా ఉన్నది." ఉండొచ్చు. అది దేనికిచ్చిన పట్టా అని మనం అడగాలె.

శిఖం అంటే చెరువులో నీళ్లు నిలిచే నేల. మన ఊర్లల్ల శిఖం పట్టాదారు నీళ్లు దిగినంక పంట వేసుకున్నాడు. మళ్లీ చెరువు నిండితే పక్కకు జరిగిండు. ఆ హక్కు సాగుకే, అదీ నీళ్లు లేని నెలలకే. వేరెవరి సొత్తూ కాని నదులు, వాగులు, చెరువులు సర్కారువేనని నిజాం కాలపు 1317 ఫసలీ రెవెన్యూ చట్టం 24వ సెక్షన్‌లోనే ఉన్నది. అయినా శిఖం గజాల లెక్కన అమ్ముడుపోయింది. రిజిస్ట్రేషన్ చేసింది, ఇంటి నంబరిచ్చింది, కరెంటు మీటర్ బిగించింది సర్కారు ఆఫీసులే కదా!

2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకొచ్చింది పంజాబ్‌లోని ఒక ఊరి కుంట. ఆక్రమించినోళ్ల దగ్గర పైసలు కట్టించుకొని క్రమబద్ధం చేద్దామని అక్కడి అధికారులు చూసిన్రు. కోర్టు కుదరదన్నది. ఇండ్లకు ఎంత ఖర్చు పెట్టినా, ఎన్నేండ్ల నుంచి ఉన్నా ఖాళీ చేయాల్సిందేనన్నది. ఒక మినహాయింపు మాత్రం పెట్టింది: సర్కారే భూమిలేని కూలీలకు, దళితులకు, ఆదివాసులకు ఇచ్చిన చోట, బడి, దవాఖాన ఉన్న చోట ఆలోచించవచ్చన్నది. ఈ తేడానే మన దగ్గర మరిచిపోతున్నరు.

కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించి, 2006లో చేపల చెరువుల గట్లు తెంపిన్రు. ఉమ్మడి రాష్ట్ర సర్కారు తలుచుకుంటే చేయగలిగిందన్నమాట! హైదరాబాద్ చెరువుల విషయంలో ఆ ఊపు మనం చూడలేదు. 2014లో రాష్ట్రం వచ్చింది, 2024 జూలైలో హైడ్రా వచ్చింది. శిఖంలో కట్టినవి తీయాల్సిందే, అందులో మనకు రెండో మాట లేదు. కానీ పెద్ద గేట్ల నుంచి మొదలుపెట్టాలె. అసైన్‌మెంట్ పట్టా చేతిలో పెట్టి, ఇప్పుడు గుడిసె కూలగొడతామంటే ముందు వేరే ఇల్లు చూపెట్టాలె. చెరువు మీద బతికే గంగపుత్రులను, ముదిరాజులను పిలిచి అడగాలె. నీళ్లు ఎక్కడిదాకా వచ్చేవో వాళ్లకు తెలిసినంత సర్వేయర్‌కు కూడా తెల్వదు.

విద్యార్థి మిత్రులు ఈ నెల మీ ఊరి చెరువుకు 1954-55 ఖాస్రా పహాణీ నకలు తీయండి. నక్షా పట్టుకొని కట్ట మీదికి పోయి, శిఖం ఎంత మిగిలిందో చూసి రాసి పంపండి, అచ్చు వేద్దాం. రెవెన్యూల పనిచేసే మిత్రులు ఈ సభలో చాలామందే ఉన్నరు. నకలు కోసం పిల్లలను మూడుసార్లు తిప్పకండి.