అమ్మాయి మొదటి ఉద్యోగం: ఉన్న ఊరా, విశాఖపట్నమా?



పిల్లల చదువులు పూర్తయ్యేదాకా ఒక బెంగ, పూర్తయ్యాక ఇంకొక బెంగ. ఉద్యోగం దొరకకపోతే ఎలాగా అని మొన్నటిదాకా దిగులుపడ్డ ఇంట్లోనే, రెండు ఉద్యోగాలు ఒకేసారి వస్తే ఏ ఊరికి పంపాలో తెలియక తల పట్టుకోవలసి వస్తుంది. మా ఇంట్లో సరిగ్గా అదే జరిగింది. మీ ఇళ్ళలోనూ ఇవాళో రేపో ఈ ప్రశ్న వస్తుంది గనక, మేము పడ్డ తర్జనభర్జన మీతో చెప్పుకుందామని కూర్చున్నాను.

మాది సికింద్రాబాదు, తూర్పు మారేడుపల్లి. మా అమ్మాయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. పరీక్షలు అయిన కొద్ది రోజులకే రెండు కబుర్లు వచ్చాయి. ఒకటి మన హైదరాబాదులోనే, మాధాపూరు వైపు. ఎండతోనూ గాలితోనూ కరెంటు తీసే కంపెనీ. రేపు ఎండ ఎంత కాస్తుంది, గాలి ఎంత వీస్తుంది, దానివల్ల ఏ గంటలో ఎంత కరెంటు వస్తుంది అని ఇవాళే కంప్యూటరు ముందు కూర్చుని లెక్క కట్టి చెప్పాలి. జీతం నలభై అయిదు వేలు. రెండోది విశాఖపట్నంలో ఒక కర్మాగారం. పెద్ద పెద్ద మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్విచ్చి బోర్డులు చూసుకునే విభాగంలో ట్రైనీ ఉద్యోగం. మూడు షిఫ్టులు. జీతం ముప్ఫయి ఎనిమిది వేలు, ఉండటానికి హాస్టలు. పదిరోజుల్లో ఏదో ఒకటి చెప్పమన్నారు.

ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాన్నేను. ఇంటి భోజనం, ఇంటి పడక. సికింద్రాబాదు ఈస్టులో మెట్రో ఎక్కితే రాయదుర్గం దాకా దిగకుండా పోవచ్చు. జీతం కూడా ఇక్కడే ఎక్కువ. మా అత్తగారు “ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు” అని తీర్పు చెప్పేశారు. మావారు పేపరు చాటునుంచి “దాన్ని కూడా ఒకమాట అడగండి” అని ఊరుకున్నారు.

ఆ రాత్రి గిన్నెలు సర్దుతుంటే అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది. “అమ్మా, నువ్వు వంట పుస్తకం చూసి నేర్చుకున్నావా, పొయ్యి దగ్గర నిలబడి నేర్చుకున్నావా?” అంది. “పొయ్యి దగ్గరే. చేతులు కాల్చుకుని మరీ నేర్చుకున్నాను” అన్నాను. “నేనూ అంతే కదమ్మా. ట్రాన్స్‌ఫార్మరు బొమ్మ నాలుగేళ్ళు గీశాను. దాని మూత విప్పి ఒక్కసారి కూడా చూడలేదు” అంది. నాకు జవాబు తోచలేదు.

నేను చదివింది పదో తరగతి. కాని రేడియోవాళ్ళు ప్రసంగానికి పిలిచినప్పుడల్లా నలుగురినీ అడిగి నోటుపుస్తకంలో రాసుకోవడం అలవాటయింది. అలాగే ఈ రెండు ఊళ్ళ సంగతీ కనుక్కుందామని మొదలుపెట్టాను.

మన ఊరిని తక్కువ చేయడానికి లేదు. 1920లోనే హుస్సేన్‌సాగర్ ఒడ్డున బొగ్గుతో కరెంటు తీసే కేంద్రం వెలిసింది. మా అత్తగారు దాని పొగగొట్టాలు చూసినావిడే. ఇప్పుడది లేదు. 1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. వచ్చింది, టర్బయిన్లు తయారుచేసే చోటు. 1971లో మౌలాలి వైపు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు పెట్టారు. దేశంలోని చాలా అణువిద్యుత్ కేంద్రాలకు ఇంధనం అక్కడినుంచి వెళ్తుంది. రోజూ మన ముందునుంచే ఆ బస్సులు పోతుంటాయి, లోపల ఏం చేస్తారో మనం ఎన్నడూ అడగం. ఇక సౌరవిద్యుత్తు, పవనవిద్యుత్తు కంపెనీల పెద్ద ఆఫీసులు ఈ ఊళ్ళో చాలానే ఉన్నాయి.

మరి విశాఖపట్నం? 1957లో కాల్టెక్స్ కంపెనీ అక్కడ చమురుశుద్ధి కర్మాగారం తెరిచింది. 1978లో అది హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. మొదట్లో ఏడాదికి ఏడు లక్షల టన్నులు కూడా శుద్ధి చేయలేని కర్మాగారాన్ని ఇప్పుడు కోటిన్నర టన్నుల స్థాయికి పెంచారు. మన పొయ్యి మీది గ్యాసు కూడా కొంత అలాంటి చోట చమురులోంచి విడివడి వస్తుంది. పరవాడ దగ్గర సింహాద్రి విద్యుత్ కేంద్రం రెండు వేల మెగావాట్లది. దాని జలాశయం మీద 2021లో నీళ్ళపై తేలే సౌరపలకలు కూడా అమర్చారు. కొండరాతిని తొలిచి భూమి లోపల పదమూడు లక్షల టన్నులకు పైగా ముడిచమురు నిలవ చేసుకునే గుహలున్నాయి, ఆపదలో దేశానికి పనికొస్తుందని. 2016లో పెట్రోలియం, ఎనర్జీ చదువులకోసమే ఒక జాతీయ విద్యాసంస్థ మొదలయింది. 2025 జనవరిలో పూడిమడకలో నీటినుంచి హైడ్రోజన్ తీసే పెద్ద కేంద్రానికి ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు.

ఇవన్నీ రాసుకున్నాక నాకు ఒకటి అర్థమయింది. హైదరాబాదులో లెక్క చూసేవాళ్ళు, బేరం చేసేవాళ్ళు, నక్షా గీసేవాళ్ళు ఎక్కువ. విశాఖలో యంత్రం పక్కన నిలబడేవాళ్ళు ఎక్కువ. రెండూ కావలసినవే.

లెక్కల ఉద్యోగం చిన్నదేమో అనుకున్నాను, కాదట. అమ్మాయి మన డాబా మీది ట్యాంకుతో పోల్చి చెప్పింది. కరెంటు ఉన్నప్పుడు మోటారు వేసి పైకి నీళ్ళు ఎక్కించుకుంటాం, కావలసినప్పుడు కుళాయి తిప్పుకుంటాం. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఆరు యంత్రాలు, మొత్తం తొమ్మిది వందల మెగావాట్లు. అవి నీళ్ళు కిందికి దూకితే కరెంటు తీస్తాయి, అవసరమైతే తిరగబడి నీళ్ళను పైకి తోడతాయి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో ఇదే పద్ధతి మీద 1,680 మెగావాట్ల పథకం తలపెట్టారు. పగటి ఎండ కరెంటుతో నీళ్ళు పైకి, మనం దీపాలు వేసి టీవీ పెట్టే వేళకు నీళ్ళు కిందికి. ఎప్పుడు ఎక్కించాలో ఎప్పుడు వదలాలో చెప్పడానికే ఆ లెక్కగట్టేవాళ్ళు. “మంచి పనే అమ్మా. కాని యంత్రం ఎలా మొరాయిస్తుందో చూడకుండా లెక్క కడితే నేలవిడిచి సాము చేసినట్టవుతుంది” అంది.

ఇంతదాకా బాగానే ఉంది. అసలు భయం మనసులో ఉండిపోయింది. 1997 సెప్టెంబరు 14న విశాఖ రిఫైనరీలో గ్యాసు అంటుకుని దాదాపు అరవై మంది పోయారు. అప్పటికి నేను ఇంకా ఆడపిల్లనే గాని, పేపర్లో వచ్చిన ఆ నల్లటి పొగ నాకింకా గుర్తే. “అలాంటి ఊరికా?” అని అనేశాను. మావారు పేపరు మడిచి పక్కన పెట్టారు. “2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో రాత్రి మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. వాళ్ళలో ఒక యువ ఇంజనీరమ్మాయి కూడా ఉంది. అది మన రాష్ట్రమే. ప్రమాదానికి ఊరు చూసుకోవడం కాదు, అక్కడ జాగ్రత్తలు ఎలా ఉన్నాయో అడగాలి” అన్నారు. అమ్మాయి ఆ కర్మాగారంలో పనిచేసే సీనియరు ఒకామెకి ఫోను చేసి అడిగింది. పని మొదలుపెట్టే ముందు కరెంటు ఆపి, తాళం వేసి, తాళం చెవి పనిచేసేవాళ్ళ దగ్గరే ఉంచుతారట. మొదటి నెలంతా ఈ జాగ్రత్తలే నేర్పుతారట. ఆ మాట విన్నాక నాకు కాస్త నెమ్మదించింది.

తరువాత రాత్రి షిఫ్టు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఆడవాళ్ళను రాత్రి ఏడు నుంచి పొద్దున్న ఆరు దాకా కర్మాగారాల్లో పనికి పెట్టుకోకూడదంది. మన మేలుకోరే రాశారు. కాని రాత్రి పని రాదు గనక ఆడపిల్లను అసలు తీసుకోం అనేవాళ్ళకు అదే సాకయింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాల ప్రకారం, ఆమె సమ్మతిస్తే రాత్రి పని చేయవచ్చు. రక్షణ, రాకపోకల ఏర్పాటు యజమాని చూడాలి. సమ్మతి అన్న మాట అమ్మలందరూ గుర్తుంచుకోవాలి. బలవంతం లేదు, నిషేధమూ లేదు.

ఇన్ని తెలిసినా నా మనసు కుదుటపడలేదు. అప్పుడు అమ్మాయి తన చదువుల రోజుల్లో చదివిన ఒకావిడ కథ చెప్పింది. ఆవిడ మన తెలుగింటి ఆడపడుచు, అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో పుట్టింది. పదిహేనో ఏట పెళ్ళి, పద్ధెనిమిదో ఏట వైధవ్యం, ఒళ్ళో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్లని మూలన కూర్చోబెట్టడమే ఆనవాయితీ. ఆవిడ తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. కూతుర్ని అదే కాలేజీలో చేర్పించారు. 1943లో చదువు పూర్తిచేసి, మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు అనిపించుకుంది. చదివి ఊరుకోలేదు. బీహారులో జమాల్‌పూరు రైల్వే వర్కుషాపుకి వెళ్ళి పని నేర్చుకుంది. సిమ్లాలో ఉద్యోగం చేసింది. 1948లో కలకత్తా వెళ్ళి ఒక పెద్ద ఎలక్ట్రికల్ కంపెనీలో చేరి, భాక్రా నంగల్ పనుల్లో పాలుపంచుకుంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ మహాసభకు వెళ్ళింది. 1979లో కన్నుమూసింది.

ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి ఒకటుంది. ఆవిడ ఊరు ఎంచుకున్నప్పుడు రెండు చూసుకుంది. చేతికి పని దొరుకుతుందా అనేది ఒకటి, పాపను కనిపెట్టుకుని ఉండే అన్నదమ్ముల ఇల్లు దగ్గరలో ఉందా అనేది ఇంకొకటి. ఒకదానికోసం రెండోదాన్ని వదులుకోలేదు.

ఆ రాత్రి నిద్రపట్టక నన్ను నేనే అడిగాను. నేను విశాఖ వద్దంటున్నది పిల్లకోసమా, నాకోసమా? నిజం చెప్పుకోవాలి గదా. మావారు ఆఫీసుకి, అత్తగారు పూజకి పోతే, ఇంట్లో నాతో కబుర్లాడేది అది ఒక్కతే. మొండా మార్కెట్టుకి నా వెంట సంచీ పట్టుకొచ్చేదీ అదే. దాని జీతం, ప్రయాణం, ప్రమాదం అని నేను లెక్కలు చెబుతున్నాను గాని, అడుగున ఉన్నది నా ఒంటరితనం. దాన్ని పిల్ల భవిష్యత్తు ఖాతాలో రాయడం న్యాయం కాదనిపించింది.

పొద్దున్నే గాజువాకలో ఉన్న మా పెద్దనాన్నగారి అబ్బాయికి ఫోను చేశాను. “మేనకోడలు వస్తానంటే వద్దనేదాన్నా? ఆదివారాలు ఇక్కడే భోజనం, ఒంట్లో బాగులేకపోతే ఇక్కడే పడక” అంది మా వదిన. ఆ ఫోను పెట్టేసి అమ్మాయిని పిలిచి “విశాఖకే రాసెయ్” అన్నాను. అది నన్ను వాటేసుకుంది. మా అత్తగారు మాత్రం రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడోరోజు తనే ఆవకాయ జాడీ తీసి “దూరపు ఊరు, దీనికి సీసాలో పెట్టవే అమ్మాయ్” అన్నారు.

మీ ఇంట ఈ ప్రశ్న వస్తే మీరూ విశాఖే అనండి అని నేను చెప్పను. పిల్లకి కంప్యూటరు లెక్కలంటేనే ఇష్టమైతే హైదరాబాదే మంచిది. ఈ ఉద్యోగం పోతే ఇంకొకటి వెతుక్కోవడం కూడా ఇక్కడ సులువు. కాని జవాబు రాసేముందు కొన్ని ప్రశ్నలు అడిగి తెలుసుకోండి. పక్కన నిలబడి పని నేర్పే పెద్దలున్నారా? ఇన్నేళ్ళు మానకూడదని బాండు రాయించుకుంటారా, మానితే ఎంత కట్టాలి? రాత్రి పని అయ్యాక గుమ్మం దాకా బండి వస్తుందా? ఆ ఊళ్ళో అర్ధరాత్రి తలుపు తట్టగల ఇల్లు ఒక్కటైనా ఉందా? జీతంలోంచి అద్దె, భోజనం, ప్రయాణం తీసేస్తే చేతిలో ఎంత మిగులుతుంది? ఇంకొక మాట. కేంద్రప్రభుత్వ సంస్థలు చాలా ఉద్యోగాలకు గేట్ పరీక్ష మార్కులు చూస్తాయి. ఆ మార్కులు మూడేళ్ళు చెల్లుతాయి. కాబట్టి మొదటి ఉద్యోగంలో చేరినా పుస్తకాలు కట్టకట్టి అటక మీద పెట్టనివ్వకండి.

అన్నిటికంటే ముందు, వద్దు అనే మాట నోటికి వచ్చినప్పుడు అది ఎవరికోసం వస్తున్నదో ఒక్క క్షణం ఆగి చూసుకోండి.

అమ్మాయిని సాయంత్రం గోదావరి ఎక్కించి వచ్చాం. తెల్లవారుజామున విశాఖలో దిగి ఫోను చేసింది. మొన్నొక రాత్రి మళ్ళీ ఫోను. “అమ్మా, ఇవాళ ట్రాన్స్‌ఫార్మరు మూత విప్పారు. దగ్గరగా నిలబడి చూశాను” అంది. లోపల ఏముందో పావుగంట చెప్పింది. నాకు సగమే అర్థమయింది గాని, ఫోను పెట్టెయ్యమని మాత్రం అనలేదు.