అనుచరుల ఓటు – ఆత్మనిశ్చయము
(బాన్సువాడ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



పాఠశాలయందు సంస్కృతాంధ్రములు బోధించి విశ్రాంతి గైకొన్న నన్ను ఈ సభలో నాలుగు మాటలు పలుకుమని ఆజ్ఞాపించిన మీ యాదరమునకు కృతజ్ఞుడను. సంఘాభివృద్ధిని గూర్చి, విద్యార్థి వేతనములను గూర్చి పెద్దలు సెలవిచ్చియున్నారు. నేను మన యువజనులయందు క్రొత్తగా బయలుదేరిన యొక యాచారమును గూర్చి మనవి చేసెదను.

తన సొంత జీవితమునకు సంబంధించిన నిర్ణయమును సామాజిక మాధ్యమములలోని ఫాలోయర్ల ఓటునకు విడుచుటయే ఆ యాచారము. ఇన్‌స్టాగ్రాంలో 2017 అక్టోబరునందు పోల్ అను సాధనము ప్రవేశపెట్టబడినది. అడుగువాడు ఒక ప్రశ్నయు, సమాధానములును వ్రాసి స్టోరీలో నుంచును. 24 గంటలలోపల చూచినవారు ఒకదానిని వ్రేలితో తాకుదురు. ఏ రంగు చీర కట్టవలెనన్న ప్రశ్నకు ఇది చాలును. కాని ఇంటరు పిమ్మట ఏమి చదువవలెను, వచ్చిన సంబంధమునకు ఒప్పుకొనవలెనా, ఉద్యోగము మానవలెనా యను ప్రశ్నలకును ఇదియే గతియైనచో ఆలోచింపవలసియున్నది.

2021 నవంబరులో ఎలాన్ మస్క్ తన టెస్లా షేర్లలో పదవవంతు అమ్మవలెనా యని ట్విట్టరునం దడిగెను. 35 లక్షలకు పైగా ఓట్లు పడగా, 57.9 శాతము అమ్ముమనెను. అమ్మకము జరిగెను. అయితే తొలి యమ్మకములలో కొంత భాగమునకు సెప్టెంబరులోనే ఏర్పాటు జరిగియుండెనని ఆయన దాఖలు చేసిన పత్రములే తెలిపినవి. అట్టి ముందుచూపు గాని, నష్టమును భరించు ధనము గాని మన పిల్లలకు లేదు.

హితోపదేశమందలి మేక కథ మీరెరుగుదురు. ముగ్గురు ధూర్తులు వేర్వేరు చోట్ల నిలిచి కుక్క యనగా, బ్రాహ్మణుడు తన భుజము మీది మేకను తానే విడిచిపోయెను. మువ్వురి మాటకే కన్ను చెదరినచో మూడువేల మంది మాటకేమి కావలెను? ధూర్తులకైనను మేక కావలసియుండెను. ఈ ఓటర్లకు దురాశయు లేదు, బాధ్యతయు లేదు. వ్రేలు తాకించి మరచిపోవుదురు. ఫలమనుభవించువాడు ఒక్కడే మిగులును.

1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువల క్రింద మనవారు వరి పండించుచున్నారు. ఒకే తూము క్రింది పొరుగు రైతును నాట్లెప్పుడు వేయవలెనని యడిగినచో ఆలోచించి చెప్పును. నా మడిలోని తప్పు వాని మడికిని తగులును గదా! సలహాకు విలువనిచ్చునది సంఖ్య కాదు, కష్టసుఖములలో పాలు.

అయినచో పిల్లలు మనలను విడిచి అపరిచితుల నేల అడుగుచున్నారు? కులపంచాయతీలు జరిమానాలు విధించి, వెలివేసిన దినములు గలవు. నిజామాబాదు ప్రాంతమున గ్రామాభివృద్ధి కమిటీల పేర సాంఘిక బహిష్కారములు జరిగినట్లు పత్రికలలో చదివియున్నాము. యుక్తవయస్కులు పరస్పరాంగీకారముతో చేసికొను వివాహమునకు ఇట్టి సభలు అడ్డుపడుట చట్టవిరుద్ధమని 2018 మార్చి 27న శక్తివాహిని వ్యాజ్యమందు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఫోనులోని గుంపు బాధ్యత లేక తీర్పు చెప్పును. రచ్చబండ మీది గుంపు అధికారముతో తీర్పు చెప్పెను. రెండింటను బ్రతుకవలసినవాని మాటకు చోటు లేదు. పూర్తిగా వినకముందే తీర్పు చెప్పు పెద్ద యున్న యింట పిల్లవాడు ఫోను నడుగుట వింత కాదు.

కావున ఈ మహాసభకు నాదొక విన్నపము. నెలకొక దినము మనలోని వైద్యులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు, సేద్యగాండ్రు కూర్చుండి యువతీయువకుల ప్రశ్నలను వినవలెను. తమ యనుభవమును చెప్పవలెను గాని తీర్పు చెప్పరాదు. ఏడాది గడచిన పిమ్మట ఆ బిడ్డ యెట్లున్నాడో విచారింపవలెను. అప్పుడే మన సలహాకు బాధ్యత వహించినవారమగుదుము.

బిడ్డలారా! కళాశాల రుసుమెంత, వసతిగృహమెక్కడ యను సమాచారమును లోకమంతటిని అడుగుడు, తప్పు లేదు. నిర్ణయము వచ్చినప్పుడు మీ మేలుకీడులలో నిలుచు ఇద్దరు ముగ్గురి నడుగుడు. ఓట్లు కాదు, కారణము లడుగుడు. విని, విచారించి, మీరే నిశ్చయించుకొనుడు.