పాత లాప్‌టాప్, కొత్త పెన్‌డ్రైవ్
(విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



పాత కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. మేము ఇంజనీర్లము కాము, చేతులు కాల్చుకొని నేర్చుకున్నవాళ్లము. కనుక ఆ కాలిన సంగతే ముందు మనవి చేస్తాము.

మొదటిసారి ఒక మిత్రుని లాప్‌టాప్ బాగు చేస్తుంటే, డిస్కు మొత్తం చెరిపేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. సరేనని నొక్కేశాము. పని చక్కగా అయింది. మిత్రుడు వచ్చి చూసి, "మా నాన్న ఫోటోలు ఏవండీ?" అన్నాడు. ఆ పెద్దాయన పోయి అప్పటికి రెండేళ్లు. ఆ ఫోటోలకు వేరే నకలు లేదు. మిత్రుడు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే మాకు పెద్ద శిక్ష అయింది.

ఆ తరువాత కొన్నాళ్లకు డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె తన అన్న వాడి వదిలేసిన లాప్‌టాప్ తెచ్చింది. "చాచా, సీడీ డ్రైవ్ పోయిందట, కొత్త సిస్టం ఎక్కదట, పాత సామాన్లవాడికి వేసేయమన్నారు" అంది. కొత్తది కొనే స్తోమత ఆ ఇంట్లో లేదు.

అయ్యా, సీడీ అనేది ఆపరేటింగ్ సిస్టంను మోసుకొచ్చే బండి మాత్రమే. ఒక బండి లేకపోతే ఇంకో బండి. అసలు సీడీలో పట్టేది సుమారు 700 ఎంబీ. నేటి సిస్టంలు చాలావరకు అందులో పట్టనే పట్టవు. 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి ఉంటే చాలు.

ఇక ఏ సిస్టం? విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు 4 జీబీ మెమరీ, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. పాత యంత్రాలలో అది ఉండదు. అందుచేత 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సు వైపు వెళ్లాము. అందులో డెబియన్ ఉచితము. 64 బిట్ యంత్రమైతే 2025లో వచ్చిన డెబియన్ 13 వేయవచ్చు. 32 బిట్ అయితే డెబియన్ 12 వేసుకోవాలి. అమ్మాయిది 64 బిట్, మెమరీ 2 జీబీ. కనుక తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ తెర ఉన్న 'లైవ్' ఫైలు దించుకున్నాము.

ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి ఊరికే కాపీ చేస్తే పనికిరాదు. వేరే కంప్యూటరులో రూఫస్ వంటి సాధనంతో రాయాలి. అలా రాస్తే పెన్‌డ్రైవ్‌లో పాతవన్నీ పోతాయి, జాగ్రత్త. తరువాత లాప్‌టాప్ ఆన్ చేస్తూనే ఎఫ్12 గాని, ఎస్కేప్ గాని, ఆ కంపెనీ పెట్టిన మీట ఏదైతే అది నొక్కి, పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి. మరీ పాతదై ఆ వరుసలో పెన్‌డ్రైవ్ కనపడకపోతే, హార్డ్ డిస్కు విప్పి, సరిపడే మరో లాప్‌టాప్‌లో పెట్టి, అక్కడ సిస్టం ఎక్కించి తిరిగి బిగించవచ్చు.

లైవ్ ఫైలులో ఒక సుఖం ఉంది. డిస్కును ముట్టుకోకుండానే సిస్టం పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తుంది. ఈసారి మేము తొందరపడలేదు. ముందు పాత డిస్కు తెరిచి, "ఇందులో మీవి ఏమున్నాయో చూడమ్మా" అన్నాము. అన్న సర్టిఫికెట్ల నకళ్లు, ఇంటి ఫోటోలు దొరికాయి. వాటిని ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసి, అవి తెరుచుకుంటున్నాయని చూసిన తరువాతే ఇన్‌స్టాల్ అన్నాము.

అది కొత్త లాప్‌టాప్ అయిపోయిందని చెప్పము. బ్రౌజరులో నాలుగైదు పేజీలు ఒకేసారి తెరిస్తే మొరాయిస్తుంది. కాని ఆ పిల్ల ప్రాజెక్టు రిపోర్టు దాని మీదనే టైపు చేసుకుంది.

కనుక మా మనవి ఒక్కటే. అటక మీది లాప్‌టాప్‌ను పారేయకండి, తీసుకురండి. బాగు చేయడానికి కూర్చున్న పిల్లలారా, మీట నొక్కే ముందు ఆ ఇంటివాళ్లను ఒక్క మాట అడగండి. సిస్టం పోతే మళ్లీ వేసుకుంటాము. ఫోటో పోతే ఎక్కడ తెస్తాము?

సెలవు.