ప్రవేశపరీక్షలు - తల్లిదండ్రుల కర్తవ్యము



ఈ వార్షికమహాసభయందు విద్యావిషయమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము కోరిరి. విద్య యనగానే నేటి తల్లిదండ్రుల మనస్సునకు ముందుగా తోచునది చదువు కాదు, ప్రవేశపరీక్ష. “మావాడు నవోదయకు వ్రాయవలెనా, గురుకులమునకు వ్రాయవలెనా, సైనికపాఠశాల మేలా?” యని మా వీథియరుగునకు వచ్చి యడుగని పద్మశాలి గృహస్థు లేడని చెప్పవచ్చును. కావున నేటి ప్రసంగమును ఆ ప్రశ్నకే పరిమితము చేయుచున్నాము.

పూర్వకాలమున గురుకుల ప్రవేశమునకు పరీక్ష లేదనుకొనుట పొరపాటు. ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుడు గౌతముని చేరగా, ఆ గురువు వేసిన ప్రశ్న యొక్కటే: నీ గోత్రమేమి? తనకు తెలియదనియు, తల్లికిని తెలియదనియు, ఆమె చెప్పినది చెప్పినట్లు బాలుడు విన్నవించెను. ఆ సత్యవాక్యమునకే గురువతనిని స్వీకరించెను. కులసభలో ఈ కథ చెప్పుట యుచితమా యని కొందఱు శంకింపవచ్చును. ఉచితమే యని మా యభిప్రాయము. నేడు ప్రశ్న లధికమైనవి, కాలము తక్కువైనది. అయినను బాలుడు తెచ్చు కాగితములలోని సత్యమునే నేటి గురుకులములును ముందుగా చూచుచున్నవి. మనవారనేకులు ఓడిపోవుచున్నది ప్రశ్నలవద్ద కాదు, ఆ కాగితములవద్ద.

1971వ సంవత్సరమున పి.వి. నరసింహారావుగారి చొరవతో సర్వేలులో గురుకులపాఠశాల వెలసెను. ఆ మఱుసటియేడు తాడికొండ, కొడిగెనహళ్ళి పాఠశాలలు వచ్చెను. సర్వేలు మన పోచంపల్లి, చౌటుప్పలు ప్రాంతపు మగ్గములకు దూరము కాదు. నేటి తెలంగాణమున గురుకులములు పెక్కులైనవి. వానిలో ప్రవేశము ఐదవ తరగతియందు. అనగా పిల్లవాడు నాలుగవ తరగతిలో నుండగానే పరీక్ష వ్రాయవలెను. “ఐదు పూర్తి కానిండు, అప్పుడు చూతము” అనుకొను తండ్రికి ఆ ద్వార మప్పటికే మూసికొనిపోయి యుండును.

జవాహర్ నవోదయ విద్యాలయముల మార్గము వేఱు. 1986 నాటి జాతీయవిద్యావిధానముతో దేశమంతట వ్యాపించిన యీ పాఠశాలలలో ఆఱవ తరగతి ప్రవేశమునకై ఐదవ తరగతి బాలబాలికలు పరీక్ష వ్రాయుదురు. రెండుగంటల కాలము, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందు సగము మానసికసామర్థ్యమునకు సంబంధించిన బొమ్మల ప్రశ్నలు. తక్కిన సగము గణితమును భాషయు సమముగా పంచుకొనును. తప్పు వ్రాసినచో మార్కులు కోయరు. మన పిల్లలు తెలుగులోనే వ్రాయవచ్చును. ఒక్కొక్క విద్యాలయమునకు సాధారణముగా 80 స్థానములు. వానిలో మూడువంతులకు తక్కువ కాకుండ గ్రామీణులకు, మూడింట నొకవంతునకు తక్కువ కాకుండ బాలికలకు.

ఈ “గ్రామీణులకు” అను మాటవద్ద మేము కొంత నిలువవలసియున్నది.

ఇరువదియేండ్ల క్రిందట మేమొక పట్టణపాఠశాలలో పనిచేయుచుంటిమి. సమీపగ్రామమునుండి మనవాడొకడు, నేతపనివాడు, తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చెను. బాలుడు నాలుగవ తరగతి. కండెలు చుట్టి చుట్టి వ్రేళ్ళకు రంగంటియుండెను. లెక్క వేసినచో నోటితోనే చెప్పువాడు. “ఇట్టివానిని పల్లెలో నుంచుట పాపము, మా బడిలో చేర్పుము, నవోదయకు మేము సిద్ధము చేయుదుము” అని మేమే యంటిమి. అతడు మా మాట విని, బస్సుకూలి భరించి, యొకటిన్నర సంవత్సరము కుమారుని పట్టణమునకు పంపెను. దరఖాస్తు మా చేతులతోనే పూరించితిమి. బాలునికి స్థానము రాలేదు. అదే గ్రామపు బడిలో చదివిన పొరుగింటి పిల్లవానికి, ఆ రోజులలో మాకంత చుఱుకుగా తోచనివానికి, వచ్చెను.

పిమ్మట నియమావళిని శ్రద్ధగా చదివితిమి. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడును పూర్తిగా గ్రామప్రాంతపు గుర్తింపు పొందిన పాఠశాలలో చదివినవాడే గ్రామీణుడు. ఆ మూడేండ్లలో ఒక్కదినము పట్టణపు బడిలో చదివినను పట్టణవాసిగా నెంచబడును. మేలు చేయుచున్నామని తలచి, నూటికి 75 స్థానములున్న వాకిలినుండి ఆ బాలుని లాగి మిగిలిన యిఱుకు వాకిట నిలిపినది మేమే. తండ్రి వచ్చి, “మావోని రాతల లేదు సారూ” అని మాకే యోదార్పు చెప్పిపోయెను. అది విధివ్రాత కాదు, మా చేతివ్రాత. ఆనాడా మాట యతనితో చెప్పుటకు మాకు నోరు రాలేదు. ఆ బాలుడు తరువాత పాలిటెక్నిక్కు చదివి యుద్యోగములో కుదురుకొనెను. అది యతని ప్రజ్ఞయే కాని మా తప్పునకు పరిహారము కాదు.

నేటికిని కోచింగు పేరిట మూడవ తరగతిలోనే పల్లెపిల్లలను పట్టణమునకు తరలించుట మేము చూచుచున్నాము. భీవండికి, షోలాపురమునకు, సూరతునకు పనికై పోయిన కుటుంబముల సంగతి మఱింత చిక్కు. పిల్లవాడే జిల్లాలో నివసించునో ఆ జిల్లాలోనే ఐదవ తరగతి చదువుచుండవలెను. సిరిసిల్లలో ఇల్లున్నదని భీవండిలో చదువుచు సిరిసిల్ల పక్షమున వ్రాయ వీలులేదు. 2016లో మన జిల్లాలు విడిపోయినపిమ్మట పాత జిల్లాపేరు నమ్ముకొని పొరబడినవారును గలరు. పొరుగుజిల్లా గురుకులములో ఐదవ తరగతి చేరిన పిల్లవానికి నవోదయ విషయమున నిట్టి చిక్కే వచ్చును. రెండింటికిని ఆశపడువారు ముందే విచారించుకొనుడు. ఒకమాఱు పరీక్ష వ్రాసినవానికి రెండవ యవకాశము లేదు. ఐదవ తరగతి మఱల చదివించి వ్రాయింపజూచుట పిల్లవానికొక యేడు నష్టపెట్టుటయే.

మఱియు మనము రాష్ట్రపు లెక్కలో బి.సి.-బి. వర్గమువారము. ఆ ధ్రువపత్రము నవోదయకు చాలదు. కేంద్రప్రభుత్వపు జాబితాననుసరించి వారు కోరు నమూనాలో ఓ.బి.సి. పత్రము కావలెను. తహశీలుదారు కచేరిచుట్టు తిరుగుటకు మగ్గము ఆపవలెను గదా, కావున తీఱికగా ముందే తెచ్చుకొనుట మేలు.

ఇక నే పాఠశాల మేలన్న ప్రశ్న. కోరుకొండలో 1962నుండి యున్న సైనికపాఠశాల వంటివి గొప్పవే. కాని వాని ఆఱవ తరగతి పరీక్షలో 300 మార్కులకు 150 గణితమునకే పోవును, చేరినపిమ్మట ఖర్చు ఏటికి లక్షరూపాయలు దాటును. విద్యార్థివేతనముల సంగతి తెలిసికొనకుండ అప్పుచేసి చేర్చవలదు. నవోదయలో తొమ్మిదవ తరగతియందు కొందఱు పిల్లలను ఒక సంవత్సరము హిందీ ప్రాంతపు విద్యాలయమునకు పంపుదురు. తల్లికి ఈ సంగతి చేరిననాడే చెప్పవలెను. పెట్టె సర్దునాడు కాదు. రాత్రి యొంటరిగా పండుకొననేరని పిల్లవానికి దగ్గఱి గురుకులమే మొదటి కోరికగా వ్రాయుడు. పేరుమోసినదని దూరపు బడి వ్రాసి, దసరాకు ఇంటికి తెచ్చుకొని మఱల పంపనివారిని ఎందఱినో చూచితిమి. ఆడపిల్లల విషయమున మాత్రము మాకొక కోపము గలదు. స్థానము వచ్చినపిమ్మట “ఆడపిల్ల, అంతదూరమా?” యని వెనుదీయు తండ్రులు దరఖాస్తు వ్రాయుటకు ముందే యాలోచించినచో వేఱొక బాలికకైన మేలు కలుగును.

బొమ్మల ప్రశ్నలకు వేలకొలది రుసుము లిచ్చుచున్నారు. అద్దములో బొమ్మ ఎట్లు కనబడును, సగము గీసిన ఆకృతికి మిగిలిన సగమేది, నాలుగింటిలో పొసగనిదేది, ఇవియే గదా ఆ ప్రశ్నలు! చిటికి కట్టునప్పుడు పడుగుమీద సగము పువ్వు చూచి పూర్తిపువ్వు చెప్పు పిల్లలు మన యిండ్లలోనే యున్నారు. పాతప్రశ్నపత్రములు తెచ్చి, గడియారము ముందు పెట్టి, గ్రామపు బడిపంతులు సాయంకాలము గంటసేపు కూర్చుండబెట్టినచో చాలును. స్థానము రానివారికి తొమ్మిదవ తరగతిలో ఖాళీలకు మఱల పరీక్ష గలదు.

సంఘమువారికొక విన్నపము. స్థానము సంపాదించిన పిల్లలకు శాలువలు కప్పుచున్నారు, మంచిదే. దానితోపాటు నవోదయ దరఖాస్తుల కాలమున ప్రతి శాఖయు నొకయువకునికి కంప్యూటరిచ్చి కూర్చుండబెట్టవలెను. ఆ దరఖాస్తునకు రుసుము లేదు. పూరించుటకు మాత్రము మనవారు అంగళ్ళలో డబ్బిచ్చి తప్పులు వ్రాయించుకొనుచున్నారు.

రేపటి ఉదయము భోజనములకు ముందు, సభాస్థలమునకు తూర్పున నున్న వసారాలో మేము కూర్చుందుము. మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలున్నవారు స్టడీ సర్టిఫికెట్లు, పుట్టినతేదీ పత్రములు, ఆధారు తీసికొనిరండు. మొదట అక్షరములు సరిచూతము; పిల్లలను వెంటతెచ్చినచో వారితోను మాటలాడుదుము.