కైమా మిషను – ఇంటి హాంబర్గరు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించి ముందు వక్తలు చెప్పారు. నేను తిండి గురించి రెండు మాటలు మనవి చేస్తాను. పళ్ళు కదలగానే మనలో చాలామంది మాంసం మానేస్తున్నారు. ముక్క మనవడికి వేసి, పులుసుతో సరిపెట్టుకుంటున్నారు. మాంసకృత్తులు తగ్గితే కండ తగ్గుతుంది, కండ తగ్గితే కాలు తడబడుతుంది. ఆ పైన పడితే తుంటి ఎముకే. దీనికి నా వద్దనున్న ఉపాయం కైమా మిషను.

1979లో మద్రాసు మూర్ మార్కెట్లో పాత సామాన్ల అంగడిలో కొన్నాను. ఆ మార్కెట్టు 1985లో కాలిపోయింది. మిషను మాత్రం మైపాడులో మా బల్లకు బిగించే ఉంది. 1989 నవంబరు తుఫాను కావలి దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక మిక్సీలు మూలపడ్డాయి, ఇది తిరిగింది. దీన్ని ఏటా లైఫ్ సర్టిఫికెట్టు అడగనక్కరలేదు!

హాంబర్గరంటే పంది మాంసమని కొందరి అనుమానం. ఆ పేరు జర్మనీలోని హాంబర్గ్ నగరం నుంచి వచ్చింది. 1996లో మెక్‌డొనాల్డ్స్ ఢిల్లీలో తొలి అంగడి తెరిచినప్పుడు గోమాంసం లేకుండా గొర్రె మాంసంతో బర్గరు పెట్టింది. మన జిల్లా పేరుతో గొర్రె జాతే ఉండగా మనకేం తక్కువ?

అరకిలో ఎముకలేని మాంసం కడిగి, తడి ఆర్చి, తెల్లపొరలు తీసేయండి. అవి కత్తికి చుట్టుకుంటాయి. కత్తి చదును వైపు చిల్లుల బిళ్ళకు ఆనాలి. తిరగేస్తే మాంసం తెగదు, నలుగుతుంది. ఆడిన కైమాలో ఉల్లి, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, రెండు చెంచాల పుట్నాలపొడి కలపండి. ఉప్పు చివర్లోనే వేయాలి, ముందే వేసి పిసికితే గట్టిపడుతుంది. బిళ్ళలు తట్టి, నడుమ వేలితో చిన్న గుంట పెడితే ఉబ్బవు. దోశ పెనం మీద సన్నసెగన కాల్చి, బన్నులో పెట్టుకోవాలి.

ఒక్క హెచ్చరిక. ముక్కగా ఉన్నప్పుడు క్రిములు పైపైనే ఉంటాయి, కైమా ఆడితే లోపలికీ చేరతాయి. 1993లో అమెరికాలో సరిగా ఉడకని హాంబర్గర్లు తిని వందలమంది జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. కాబట్టి నడిమధ్య కూడా ఎరుపు పోయి బాగా ఉడకాలి. కిడ్నీ జబ్బున్నవారు డాక్టరునడిగి తినండి.

పని కాగానే మిషను విప్పి, వేడినీళ్ళతో కడిగి, తుడిచి, వంటనూనె రాయాలి. మన ఉప్పుగాలికి ఒక్క రాత్రి తడి చాలు, తుప్పు పడుతుంది. శాకాహార మిత్రులు కొత్త మిషను కొనుక్కుంటే, నానిన శనగపప్పును వడలకు కచ్చాపచ్చాగా ఆడుకోవచ్చు.

కావలసినవారు మాంసం తెచ్చుకుని మా ఇంట్లో ఆడించుకోవచ్చు, పిడి నేనే తిప్పుతాను. మిషను మాత్రం అరువివ్వను. సెలవు.