రాబందులేమైనవి?



ఇంటిపై రాబందు వ్రాలినచో శాంతి చేయింతుము. అధికవడ్డీ గుంజువానిని రాబందని నిందింతుము. ఆ జాతివాడే యైన జటాయువునకు శ్రీరామచంద్రుడు స్వయముగ ఉత్తరక్రియలు గావించిన ఘట్టము చదివి కన్నీరు విడుతుము. ఈ రెంటిలో మొదటిదే మన నిత్యవ్యవహారమున నిలిచినది.

నా బాల్యమున ఊరి బయట ఎద్దు చచ్చి పడినయెడల, కొంతసేపటికే ఆకసమున చుక్కలవలె కనబడి, రాబందులు గుంపులుగా దిగెడివి. సాయంకాలమునకు ఎముకలు మాత్రమే మిగిలెడివి. కంపు లేదు, ఈగ లేదు. ఆ పనికి ఎవ్వరును జీతమిచ్చి యెరుగరు.

నేడు ఆ పక్షి యేది? 1992 మొదలు 2007 వరకు తీసిన లెక్కలనుబట్టి మన దేశమున తెల్లవీపు రాబందులు వేయింట ఒకటి మాత్రమే మిగిలినవి. ఏదో తెగులు తగిలెనని పలువురు తలచిరి. 2004లో పాకిస్తానులోని పంజాబున చచ్చిన పక్షులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు అసలు కారణమును వెల్లడించిరి. అది నొప్పికిని వాపునకును పశువులకు వేయు డైక్లోఫినాక్ అను మందు. సూది వేసిన ఒకటి రెండు దినములలో పశువు చచ్చినయెడల మందు మాంసమున నిలిచియుండును. దానిని తిన్న రాబందునకు మూత్రపిండములు చెడి, లోపలి అవయవములపై సున్నము పూసినట్లు తెల్లని పదార్థము పేరుకొని, కొలదిదినములలో ప్రాణము పోవును. ఒక్క కళేబరముపై పదులకొలది పక్షులు చేరును గనుక, అట్టి కళేబరములు నూటికి ఒకటికంటె తక్కువ యున్నను వంశనాశనమునకు చాలునని లెక్క తేలినది.

పక్షి పోయిన పిదప దిబ్బ కుక్కల పాలైనది. వాని సంఖ్యయు, వానితో పిచ్చికుక్క కాటు భయమును పెరిగినవి.

2006లో ప్రభుత్వము ఈ మందును పశువులకు నిషేధించినది. ఐనను మనుష్యులకై చేసిన పెద్ద సీసాలు పశువులకొట్టములకు చేరుచుండుటచే, 2015లో అట్టి సీసా 3 మిల్లీలీటర్లకు మించరాదని కట్టడి చేసిరి. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ అను మందులు కూడ పశువులకు నిషిద్ధములైనవి. మెలాక్సికామ్ అనునది నొప్పి తగ్గించును, రాబందులకు హాని చేయదు. మంచి మందు దొరకుచుండగా చెడ్డదానిని వాడుట నాకు క్షమింపరానిదిగ తోచును.

2013లో నాటి ఆదిలాబాదు జిల్లా బెజ్జూరు అడవిలో, పాలరాపు కొండచరియపై పొడుగుముక్కు రాబందులు కనబడినవి. సంతోషమే. కాని రాబందు మేతకై ఒక్క దినముననే పదుల క్రోసులు తిరుగును. అడవిలో ఎంత కావలి యున్నను, మన యూరి దిబ్బపై అది తిన్నది విషమైనచో ఏమి చేయగలరు? జంటకు ఏటికొక్క గ్రుడ్డే గదా. పోయినవి కోళ్లవలె మరల నిండుకొనవు.

కావున మీ పశువునకు సూది వేయ వచ్చినవానిని మందు పేరు అడుగుడు, సీసా చూపుమనుడు. నిషిద్ధమైన మందు వేసిన పిమ్మట పశువు చచ్చినచో దిబ్బపై వేయక లోతుగా పూడ్పింపుడు. సీసాపై సన్నని అక్షరములు కనబడనిచో మనుమని పిలిచి చదివించుకొనుడు.