ప్రతులే రక్ష

తాటాకు శిథిలము కాకముందే మరియొక ప్రతి వ్రాయించుట పూర్వుల ఆచారము. 19వ శతాబ్దమున సి.పి. బ్రౌను దొర పండితులచే ప్రతులు వ్రాయించి పెక్కు తెలుగు కావ్యములను కాపాడెను.

నేడు గ్రంథాలయ పట్టికయు, ఊరి ఛాయాచిత్రములును ల్యాప్‌టాప్‌లోనికి చేరినవి. దాని లిథియం అయాన్ బ్యాటరీకి వేడిమి శత్రువు. ఎండలో నుంచరాదు. నిత్యము నూటికి నూరు పాళ్లు నింపి యుంచక, 20 నుండి 80 పాళ్ల నడుమ నుంచిన హెచ్చుకాలము మన్నును. అయినను బ్యాటరీ చెడిన క్రొత్తది కొనవచ్చును. పోయిన సమాచారము ఏ యంగడిలోను దొరకదు.

కావున ప్రతివారము ప్రతి తీయవలెను. యంత్రమున ఒకటి, విడి హార్డ్‌డిస్కులో ఒకటి, వేరొక యూరిలో ఒకటి, మూడు ప్రతులుండవలెను. పని ముగియగనే డిస్కును విడదీయవలెను. లేనిచో ఒక్క పిడుగు రెంటిని కాల్చును. అప్పుడప్పుడు ప్రతిని తెరచి చూడవలెను. ఈ రజతోత్సవ చిత్రములు స్వర్ణోత్సవమునాటికి నిలుచుటకు మార్గమిదియే.